ఫ్యాన్ క్లచ్ డైరీ: నిలబడితే వేడెక్కి, పరిగెత్తితే చల్లబడే బండి

ఈ డైరీ ఎవరికంటే, బండి ట్రాఫిక్‌లో నిలబడితే టెంపరేచర్ ముల్లు పైకి పాకి, హైవే ఎక్కగానే మళ్ళీ కిందికి దిగే వాళ్ళకి. ఈ లక్షణం చెబితే చెన్నైలో ఏ షెడ్డులోనైనా ఒకటే మాట: "ఫ్యాన్ క్లచ్ పోయింది, మార్చెయ్యండి సార్." ఇంకొన్ని చోట్ల రేడియేటర్, వాటర్ పంపు, ఫ్యాన్ క్లచ్ మూడూ కలిపి ఒకే బిల్లు వేస్తారు. ఫ్యాన్ క్లచ్ అంటే రేడియేటర్ వెనక తిరిగే ఫ్యాన్‌ని వేడిని బట్టి ఇంజిన్‌తో కలిపి, విడదీసే భాగం. అది నిజంగా పోయిందా, పోతే దాని లోపల ఏది పోయింది అన్నది ఇంట్లో కూర్చునే కొలిచి తేల్చుకోవచ్చు. కొలిచిన పద్ధతి, కుదరనివి, ఖర్చు అన్నీ వరసగా రాస్తున్నాను.

బండి 2004 మోడల్, రెండున్నర లీటర్ల డీజిల్, ఏడు సీట్లు, వెనక చక్రాల డ్రైవ్. మామయ్యగారు కొన్నది, ఇప్పుడు పెరంబూరులో మా ఇంటి ముందు ఉంటుంది. కంపెనీ పేరుతో ఇక్కడ పని లేదు. క్వాలిస్, పాత ఇన్నోవా, స్కార్పియో లాగా ఇంజిన్ నిలువుగా కూర్చుని, బెల్టుతో ఫ్యాన్ తిరిగే బళ్ళన్నిటికీ పద్ధతి ఇదే. ఇంజిన్ అడ్డంగా ఉండి ఎలక్ట్రిక్ ఫ్యాన్ ఉన్న చిన్న కార్ల వాళ్ళకి మాత్రం మొదటి దశ ఒక్కటే పనికొస్తుంది.

ఫిర్యాదు ఇది. కోయంబేడు వైపు సాయంత్రం ట్రాఫిక్‌లో ఏసీ గాలి గోరువెచ్చగా మారుతుంది, పది నిమిషాలకి ముల్లు సగం దాటుతుంది. తిరుమల ఘాట్‌లో రెండో గేరులో ఎక్కుతుంటే ముప్పావుకి చేరుతుంది. తిరుత్తణి దాటాక ఎనభైలో పోతుంటే ఏ గొడవా లేదు.

వేగంగా పోయేటప్పుడు గాలి దానంతట అదే రేడియేటర్‌లోంచి దూరుతుంది. నిలబడినప్పుడు, ఘాట్‌లో నెమ్మదిగా ఎక్కేటప్పుడు లాగాల్సింది ఫ్యాన్. అందుకే అనుమానం అటు పోతుంది. హైవేలో కూడా వేడెక్కుతుంటే ఇక్కడ ఆగి ముందు రేడియేటర్ లోపలి పైపులు, థర్మోస్టాట్ (వేడెక్కితే కూలెంట్‌కి దారి తెరిచే వాల్వ్), హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ హెడ్‌కీ బ్లాకుకీ మధ్య ఉండే సీలు) చూసుకోండి.

దశ 1: చవకగా తేలేవి ముందు

1. ఇంజిన్ పూర్తిగా చల్లారాక రేడియేటర్ క్యాప్ తీసి చూస్తే కూలెంట్ పైదాకా ఉంది, కానీ రంగు టీ నీళ్ళ రంగు. ఎప్పుడో బోరు నీళ్ళు పోశారు. మా వైపు బోరు నీళ్ళతో ఇంట్లో గీజర్ కాయిలే తెల్లగా గట్టిపడుతుంది, రేడియేటర్ పైపుల సంగతి చెప్పక్కర్లేదు. మొత్తం వదిలేసి, శుభ్రం చేసి, డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ సగం సగం పోశాను.
2. క్యాప్ రబ్బరు పగిలి ఉంది. దాని మీద 0.9 అని ఉంటుంది, అంటే 0.9 బార్ ఒత్తిడి వరకు పట్టి ఉంచాలి. ఆ ఒత్తిడి ఉంటేనే కూలెంట్ మరిగే స్థానం ఇరవై డిగ్రీల దాకా పైకి పోతుంది. కొత్తది వేశాను.
3. థర్మోస్టాట్ తీసి గిన్నెలో నీళ్ళు కాచి చూశాను. మీద 82 అని ఉంది, 83 దగ్గర కదిలింది, 94కి పూర్తిగా తెరుచుకుంది. బాగుంది, అదే మళ్ళీ పెట్టాను.
4. క్యాప్ తీసి ఇంజిన్ ఆన్ చేసి చూస్తే బుడగలు రావడం లేదు. ఆయిల్‌లో పాలనురగ లేదు. హెడ్ గ్యాస్కెట్ మీద అనుమానం పక్కన పెట్టాను.
5. ఏసీ కండెన్సర్‌కీ (రేడియేటర్ ముందు ఉండి ఏసీ వేడిని బయటికి వదిలే జాలీ) రేడియేటర్‌కీ మధ్య సందులో ఎండుటాకులు, పురుగులు, దూది లాంటి దుమ్ము అట్టకట్టి ఉన్నాయి. ఇంజిన్ వైపు నుంచి బయటికి, తక్కువ ఒత్తిడితో నీళ్ళు పట్టి కడిగాను. ప్రెషర్ గన్ దగ్గరగా పెడితే రేకులు వంగిపోతాయి, పెట్టకండి.

ఇవన్నీ చేశాక తేడా వచ్చింది, కానీ చాలలేదు. ఇక్కడే ఇంకోటి కంటపడింది: ఫ్యాన్ చుట్టూ ఉండే ప్లాస్టిక్ ష్రౌడ్ కింది సగం లేదు. పాత రిపేరులో ఎవరో తీసి మళ్ళీ పెట్టలేదు. అది కావాలనే అలాగే వదిలాను. ష్రౌడ్, క్లచ్ రెండూ ఒకేసారి మార్చేస్తే తేడా దేనివల్ల వచ్చిందో తెలియదు. ఒకసారికి ఒక్క మార్పు, తర్వాత కొలత. ఈ పద్ధతి వల్ల పని ఆలస్యమవుతుంది, ఇంట్లో వాళ్ళకి విసుగు వస్తుంది.

ఖర్చు: కూలెంట్ 620, డిస్టిల్డ్ వాటర్ 120, క్యాప్ 260.
ఇప్పటిదాకా మొత్తం: ₹1,000

దశ 2: చేత్తో తిప్పి చూడటం ఎందుకు చాలదు

క్లచ్ ఎలా పనిచేస్తుందో రెండు ముక్కల్లో. వాటర్ పంపు షాఫ్ట్‌కి లోపలి రోటర్ బిగించి ఉంటుంది. ఫ్యాన్ బయటి డబ్బాకి బిగించి ఉంటుంది. రెంటి మధ్య మెటల్‌కి మెటల్ తగలదు, చిక్కటి సిలికాన్ ఆయిల్ మాత్రమే ఉంటుంది. ముందు భాగంలో చుట్టగా కనిపించే బైమెటల్ కాయిల్‌కి రేడియేటర్ దాటి వచ్చిన గాలి తగులుతుంది. ఆ గాలి వేడెక్కితే కాయిల్ తిరిగి లోపలి వాల్వ్ తెరుస్తుంది, ఆయిల్ రిజర్వాయర్ గదిలోంచి రోటర్ గాడుల్లోకి వస్తుంది, ఫ్యాన్ పంపుతో పాటు తిరగడం మొదలుపెడుతుంది. గాలి చల్లబడితే వాల్వ్ మూసుకుని ఆయిల్ వెనక్కి పోతుంది. ఇంత తతంగం ఎందుకంటే, ఫ్యాన్ వేగం రెట్టింపు చేస్తే అది తినే శక్తి ఎనిమిది రెట్లు. అవసరం లేనప్పుడు దాన్ని వదిలెయ్యాలి.

మామూలుగా చేసే పరీక్ష, ఇంజిన్ ఆపి ఫ్యాన్‌ని చేత్తో తోసి చూడటం. మూడు నాలుగు చుట్లు తిరిగితే పోయినట్టు, వెంటనే ఆగితే మంచిది అంటారు. నా క్లచ్ చల్లగా ఉన్నప్పుడు ఒక చుట్టు తిరిగి ఆగింది, వేడి మీద కూడా దాదాపు అంతే. దీంతో ఏం తేలుతుంది? వేడి మీద బిగుతు పెరగలేదు కాబట్టి అనుమానం పెరిగింది, అంతే. చుట్టిన పేపర్ పెట్టి తిరిగే ఫ్యాన్‌ని ఆపి చూడమని ఇంకో సలహా ఉంది. ప్లాస్టిక్ రెక్క పాతదైతే విరిగి మొహం మీదకి వస్తుంది. ఆ పరీక్ష నేను చెయ్యలేదు, మీరూ చెయ్యకండి.

చేత్తో చూడదగ్గవి రెండు ఉన్నాయి. ఒకటి, రెక్క చివర పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊపితే ఎంత ఆడుతుందో చూడటం. 6 మి.మీ. దాటితే బేరింగ్ అయిపోయినట్టే. నాది 3 మి.మీ. రెండోది, క్లచ్ వెనక షాఫ్ట్ దగ్గర నుంచి రెక్కల వైపు చిమ్మినట్టు జిడ్డు చారలు ఉన్నాయా చూడటం. దుమ్ము పట్టిన సన్నటి చారలు ఉన్నాయి, తడి లేదు. పాత లీకు అన్నమాట.

దశ 3: కొలతలు, వాటితో వచ్చిన తలనొప్పులు

కావలసినవి: లేజర్ టాకోమీటర్ (తిరిగే వేగం కొలిచేది), థర్మోకపుల్ వైరు (మొన దగ్గర వేడి కొలిచేది) పెట్టుకునే మల్టీమీటర్, మెరిసే స్టిక్కర్ ముక్క, నల్ల ఇన్సులేషన్ టేపు. లుంగీతో, మెడలో వేలాడే వాటితో బానెట్ దగ్గరికి వెళ్ళకూడదు. ఫ్యాన్ తిరిగే వరసలో ఎదురుగా నిలబడకూడదు, పక్క నుంచే కొలవాలి.

మొదటి తలనొప్పి ఇన్‌ఫ్రారెడ్ గన్. థర్మోస్టాట్ పెట్టెకి గురి పెడితే 61 చూపించింది. చెయ్యి పెడితే కాలుతోంది. మెరిసే అల్యూమినియం మీద ఆ గన్ తక్కువ చూపిస్తుంది. అక్కడే నల్ల టేపు అంటించి టేపు మీద కొడితే 87, థర్మోకపుల్ 88. అప్పటి నుంచి అన్ని కొలతలూ టేపు మీదే.

రెండోది టాకోమీటర్. ఐడిల్‌లో ఫ్యాన్ వేగం నిమిషానికి 2,730 చుట్లు చూపించింది. ఇంజినే 780లో తిరుగుతుంటే బెల్టు మీద నడిచే ఫ్యాన్ 2,730 ఎలా తిరుగుతుంది? రెక్కలు ఏడు, ప్రతి రెక్కా లేజర్‌ని వెనక్కి కొడుతోంది. 7తో భాగిస్తే 390. క్లచ్ డబ్బా అంచుని మ్యాట్ నలుపు పెయింటు పూసి, దాని మీద ఒకే ఒక్క స్టిక్కర్ ముక్క అంటించి అక్కడ కొడితే 390 నిలకడగా వచ్చింది. పంపు పుల్లీకి కూడా అలాగే ఒక ముక్క.

గాలి వేడి కొలవడానికి థర్మోకపుల్ మొనని రేడియేటర్ వెనక వైపు, బైమెటల్ కాయిల్‌కి ఎదురుగా రేకులకి కేబుల్ టైతో కట్టాను. వైరుని ష్రౌడ్ అంచు వెంబడి బయటికి తెచ్చి మూడు చోట్ల బిగించాను. వదులుగా ఉంటే ఫ్యాన్ లాక్కుంటుంది.

పరీక్ష ప్రతిసారీ ఒకేలా: నీడలో బండి, బయట 35-36 డిగ్రీలు, ఏసీ ఫుల్, బానెట్ మూసి 20 నిమిషాలు ఐడిల్, చివర్లో బానెట్ తీసి వెంటనే వేగాలు కొలవడం. తర్వాత మా బామ్మర్ది యాక్సిలరేటర్ పట్టుకుని 2,000 దగ్గర నిలబెడితే ఇంకోసారి. "బావా, ఇంకెంతసేపు?" అన్నది కూడా ప్రతిసారీ ఒకేలా.

పాత క్లచ్, ఉన్నది ఉన్నట్టు:
- పొద్దున్నే చల్లగా స్టార్ట్ చెయ్యగానే: పంపు 913, ఫ్యాన్ 330 (36 శాతం)
- వేడి మీద ఐడిల్, కాయిల్ దగ్గర గాలి 78: పంపు 913, ఫ్యాన్ 390 (43 శాతం)
- వేడి మీద 2,000: పంపు 2,340, ఫ్యాన్ 870 (37 శాతం)
- థర్మోస్టాట్ పెట్టె దగ్గర కూలెంట్: 15 నిమిషాలకే 101, ఇంకా ఎక్కుతోంది. అక్కడే ఆపేశాను.

బాగున్న క్లచ్ చల్లగా ఉన్నప్పుడు పంపు వేగంలో పాతిక, ముప్పై శాతం దగ్గర తిరగాలి, వేడి మీద ఎనభై దరిదాపుల్లోకి రావాలి. నాది చల్లగా ఉన్నా వేడిగా ఉన్నా ఒకేచోట కూర్చుంది. ఇంకో గుర్తు కూడా ఉంది. రాత్రంతా నిలబడిన బండిలో ఆయిల్ కొంత రోటర్ గాడుల్లోకి జారుతుంది, అందుకే మంచి క్లచ్ ఉన్న బండి పొద్దున్నే స్టార్ట్ చెయ్యగానే ఒకటి రెండు నిమిషాలు హోరుమంటుంది. నా బండికి ఆ హోరే లేదు. కొత్త క్లచ్ వేసుకున్న వాళ్ళు ఈ హోరు విని కంగారు పడి వెనక్కి ఇచ్చేస్తుంటారు, అది లోపం కాదు.

ఖర్చు: టాకోమీటర్ 1,150, థర్మోకపుల్ వైరు 250.
ఇప్పటిదాకా మొత్తం: ₹2,400

దశ 4: కాయిలా, ఆయిలా?

క్లచ్ కలవడం లేదని తేలింది. కారణం రెండింటిలో ఒకటి: కాయిల్ వాల్వ్ తెరవకపోవడం, లేదా తెరిచినా లోపల ఆయిల్ చాలకపోవడం.

విప్పే వరస:
1. బ్యాటరీ నెగటివ్ తియ్యాలి.
2. బెల్టు బిగుతుగా ఉండగానే పంపు మీద ఉన్న నాలుగు 12 నంబర్ నట్లు వదులు చెయ్యాలి. బెల్టు తీశాక పుల్లీ తిరిగిపోతుంది, నట్టు రాదు. కొన్ని బళ్ళలో నాలుగు నట్లకి బదులు మధ్యలో ఒకే పెద్ద నట్టు ఉంటుంది, వాటిలో కొన్నిటికి మర ఎడమ వైపు. బలం పెట్టే ముందు అది చూసుకోవాలి.
3. రేడియేటర్ రేకులకి అడ్డంగా అట్ట పెట్టాలి.
4. ష్రౌడ్ బోల్టులు, ఆ తర్వాత నట్లు తీసి, ఫ్యాన్‌ని ష్రౌడ్‌తో కలిపి పైకి లాగాలి.
5. క్లచ్‌ని బండిలో ఎలా ఉందో అలాగే నిలబెట్టి ఉంచాలి. షాఫ్ట్ కిందికి పెట్టి పడుకోబెడితే ఆయిల్ బేరింగ్ వైపు దిగుతుంది.

కాయిల్ పరీక్షకి పాత అల్యూమినియం గిన్నె, నీళ్ళు, థర్మామీటర్ చాలు. కాయిల్ లోపలి కొస వాల్వ్ పిన్నుకి పట్టి ఉంటుంది. పిన్ను మీద మార్కర్‌తో ఒక గీత, పక్కన డబ్బా మీద ఒక గీత గీశాను. కాయిల్ మునిగేలా ముందు భాగాన్ని నీళ్ళలో పట్టుకుని నెమ్మదిగా కాచాను. 54 దగ్గర రెండు గీతలు విడిపోవడం మొదలైంది, 72కి గడియారంలో నాలుగైదు నిమిషాలంత తిరిగింది. నీళ్ళు చల్లారితే వెనక్కి వచ్చింది. కాయిల్ బాగుంది. మిగిలింది ఆయిల్.

నా క్లచ్‌కి అంచు చుట్టూ స్క్రూలు ఉన్నాయి, కాబట్టి తెరవచ్చు. చాలా క్లచ్‌లకి అంచు నొక్కేసి ఉంటుంది, వాటిని తెరిస్తే మళ్ళీ మూయలేరు. స్క్రూలు ఇరవై ఏళ్ళుగా కదలనివి. మామూలు స్క్రూడ్రైవర్‌తో ప్రయత్నిస్తే తలలు చెడిపోతాయి. సుత్తితో కొడితే తిరిగే ఇంపాక్ట్ డ్రైవర్ కొని, ఒక్కోదానికి రెండు దెబ్బలు వేస్తే వచ్చాయి. విప్పే ముందు మూతకీ డబ్బాకీ కలిపి ఒక గీత గీసుకోండి.

తెరిచే ముందు క్లచ్‌ని వంటింటి త్రాసు మీద తూచాను. ఒక గ్రాము వరకు చూపించే త్రాసు. ఈ మొత్తం పనిలో నాకు బాగా పనికొచ్చిన కొలత ఇదే. సిలికాన్ ఆయిల్ ఒక మిల్లీలీటర్ బరువు ఇంచుమించు 0.97 గ్రాము. అంటే తగ్గిన గ్రాములే తగ్గిన ఆయిల్. క్లచ్ తెరవకుండానే లోపల ఎంత పోయిందో చెప్పొచ్చు, ఒకసారి నిండుగా ఉన్నప్పటి బరువు రాసి పెట్టుకుని ఉంటే.

- తెరవక ముందు: 1,846 గ్రా.
- లోపల దొరికిన ఆయిల్: సిరంజిలోకి లాగితే 14 మి.లీ., బూడిద రంగు
- ఖాళీ చేసి తుడిచాక: 1,831 గ్రా.

ఎంత పొయ్యాలో డబ్బా మీద రాసి ఉండదు. ఇలా లెక్క వేశాను: చల్లగా ఉన్నప్పుడు ఆయిల్ అంతా వెనక్కి వెళ్ళి రిజర్వాయర్ గదిలోనే సర్దుకోవాలి. కాబట్టి ఆ గది పట్టేదానికన్నా ఎక్కువ పోస్తే ఫ్యాన్ ఎప్పటికీ విడిపోదు. గదిని సిరంజితో కిరోసిన్ పోసి కొలిస్తే 36 మి.లీ. పట్టింది. తుడిచి ఆరబెట్టి, 34 పొయ్యాలని నిర్ణయించుకున్నాను.

ఆయిల్ చిక్కదనం సీఎస్‌టీ (సెంటీస్టోక్స్) లెక్కలో చెబుతారు, అంకె పెద్దదైతే చిక్కన ఎక్కువ. ఈ క్లచ్‌లకి 3,000, 6,000, 10,000 రకాలు వాడుకలో ఉన్నాయి. కంపెనీ ఆయిల్ 18 మి.లీ. ట్యూబుల్లో వస్తుంది, నాకు దొరకలేదు. రిమోట్ కార్లు అమ్మే హాబీ షాపులో డిఫరెన్షియల్ ఆయిల్ అని అడిగితే అదే శుద్ధ సిలికాన్ ఆయిల్ దొరుకుతుంది, సీసా మీద సీఎస్‌టీ రాసి ఉంటుంది. పక్కనే ఉండే షాక్ ఆయిల్ సీసాల మీద ఉండేది 'వెయిట్' నంబరు, దాని లెక్క వేరు. అది కొనకండి.

మొదట 3,000 పోశాను. ఎక్కువ చిక్కగా పోసి ఫ్యాన్ విడిపోకపోతే మైలేజీ పోతుందని చిన్నదానితో మొదలుపెట్టాను. బరువు 1,864 గ్రా.

3,000తో:
- వేడి మీద ఐడిల్: ఫ్యాన్ 620 (68 శాతం)
- వేడి మీద 2,000: ఫ్యాన్ 1,190 (51 శాతం)
- 20 నిమిషాలకి కూలెంట్ 95, ఇంకా మెల్లగా ఎక్కుతోంది

ఐడిల్‌లో లాగుతోంది, వేగం పెరిగితే జారిపోతోంది. ఘాట్‌కి ఇది చాలదు. మళ్ళీ విప్పి, తుడిచి, 10,000 రకం 34 మి.లీ. పోశాను. ఈ ఆయిల్ పోస్తుంటే తేనెపాకంలా సాగుతుంది, సిరంజిలోంచి దిగడానికే చాలాసేపు పట్టింది. సీసాని వేడినీళ్ళ గిన్నెలో పెడితే కాస్త నయం. మూత కింద ఓ-రింగు కొత్తది.

10,000తో:
- పొద్దున్నే: మొదట 810, హోరు, రెండు నిమిషాలకి 345 (38 శాతం)
- వేడి మీద ఐడిల్: 800 (88 శాతం)
- వేడి మీద 2,000: 1,780 (76 శాతం)
- 20 నిమిషాలకి కూలెంట్ 91, అక్కడే ఆగింది

చల్లగా ఉన్నప్పుడు 38 కొంచెం ఎక్కువే. మిగతావన్నీ కావలసినట్టే ఉన్నాయి.

ఖర్చు: ఇంపాక్ట్ డ్రైవర్ 480, ఆయిల్ సీసాలు 650, 700, ఓ-రింగు 40.
ఇప్పటిదాకా మొత్తం: ₹4,270

దశ 5: నిలవలేదు

కొన్ని వారాలకి పొద్దుటి హోరు తగ్గింది. తర్వాత ఏసీ మళ్ళీ నీరసించింది. కొలిస్తే వేడి మీద 2,000 దగ్గర ఫ్యాన్ 1,340, అంటే 57 శాతం. రెక్కల వెనక తడి చారలు, ఈసారి మెరుస్తున్నాయి. క్లచ్ తీసి, జిడ్డు పూర్తిగా తుడిచి త్రాసు మీద పెడితే 1,851. అంటే 13 గ్రాములు పోయింది, మూడో వంతుకి పైగా.

ఎక్కడి నుంచి? మూత అంచు పొడిగా ఉంది, కాయిల్ పిన్ను పొడిగా ఉంది. షాఫ్ట్ చుట్టూ ఉన్న బేరింగ్ దగ్గర తడి. షాఫ్ట్‌ని తిప్పితే చేతికి గరగరమని తెలుస్తోంది. బేరింగ్ సీలు అరిగింది, మొదటి ఆయిల్ పోయింది కూడా ఈ దారినే. బేరింగ్ ప్రెస్ చేసి తీసి కొత్తది ఎక్కించవచ్చని పాడి దగ్గర లేత్ పని చేసే ఆయన అన్నారు, "కానీ సార్, షాఫ్ట్ కొస నొక్కి రివెట్ చేసేసి ఉంది. కోసి తీస్తే మళ్ళీ బ్యాలెన్స్‌కి గ్యారంటీ ఇవ్వలేను." మూడు వేల ఆర్‌పీఎంలో తిరిగేదానికి బ్యాలెన్స్ గ్యారంటీ లేదంటే ఇక ఆలోచించాల్సిన పని లేదు.

ఈ సమయంలోనే మిగతా సలహాలు కూడా వచ్చాయి కాబట్టి, ఎందుకు వద్దనుకున్నానో రాస్తాను.

క్లచ్‌లోంచి స్క్రూ దించి శాశ్వతంగా లాక్ చెయ్యడం: హైవే మీద దారిలో ఆగిపోతే ఇంటికి చేరడానికి సరే. రోజూ అలా తిరిగితే పై వేగాల్లో ఫ్యాన్ పంపుతో సమానంగా తిరుగుతుంది. రెక్కలు, పంపు బేరింగ్ రెండూ ఆ భారానికి చేసినవి కావు. హోరు, డీజిల్ ఖర్చు అదనం.

ఎలక్ట్రిక్ ఫ్యాన్లు: ఈ సైజు రేడియేటర్‌కి సరిపడా రెండు పెడితే పాతిక ఆంపియర్ల పైనే లాగుతాయి. నా ఆల్టర్నేటర్ 55 ఆంపియర్లది. రాత్రి, వాన, హెడ్‌లైట్లు, ఏసీ బ్లోయర్ అన్నీ కలిస్తే మిగిలేది ఏమీ ఉండదు. ఆల్టర్నేటర్, వైరింగ్, రిలేలు మార్చాలంటే అది వేరే ప్రాజెక్టు.

పుదుపేట పాత సామాను: వెళ్ళి చూశాను. క్లచ్‌లు తీగకి గుచ్చి వరసగా వేలాడుతుంటాయి. కొట్టాయన నెల్లూరు వైపు మనిషి. ఒకటి తీసి చేతిలో పెట్టి, "ఎంత గట్టిగా ఉందో చూడు నాయనా, ఇదీ సరుకంటే" అన్నాడు. రెండు చేతులతో తిప్పినా కదలడం లేదు. లోపల ఆయిల్ గట్టిపడిపోయిందో, బేరింగ్ పట్టేసిందో. చల్లగా ఉన్నప్పుడు కదలని క్లచ్ కూడా పోయిన క్లచ్చే. ఇంకోటి మెత్తగా తిరిగింది, కానీ ఆట చాలా ఎక్కువ. మిగతావి నెలల తరబడి ఎటు పడితే అటు వేలాడినవే, ఆయిల్ ఎంత మిగిలిందో చెప్పలేం. క్లచ్ కొనలేదు. అయితే మా బండికి సరిపోయే ష్రౌడ్ కింది సగం అక్కడే దొరికింది, అది తెచ్చుకున్నాను.

దశ 6: కొత్త క్లచ్

జీపీ రోడ్డులో కొన్నాను. పాతది వెంట తీసుకెళ్ళడం మంచిదైంది, ఎందుకంటే మోడల్ పేరు చెబితే ఇచ్చిన మొదటి డబ్బాలోది ఎత్తు 4 మి.మీ. ఎక్కువ. కౌంటర్ మీదే పక్కపక్కన పెట్టి చూడాల్సినవి:

1. పంపుకి బిగించే చెంప నుంచి కాయిల్ ముందు అంచు దాకా ఎత్తు. ఎక్కువైతే రేడియేటర్‌కి తగులుతుంది, తక్కువైతే కాయిల్‌కి వేడి గాలి సరిగా అందదు.
2. పంపు వైపు బోల్టుల దూరం, మధ్య రంధ్రం.
3. ఫ్యాన్ వైపు బోల్టుల దూరం.
4. కాయిల్ రెండు కొసలూ గట్టిగా పట్టి ఉన్నాయా.
5. డబ్బా అంచుల్లో తడి ఉందా.

రెండో డబ్బాలోది అన్నిటికీ సరిపోయింది. ఇంటికి రాగానే గిన్నె నీళ్ళలో కాయిల్ చూశాను: 56కి మొదలు, 75కి పూర్తి. బరువు 1,872 గ్రా. ఆ నంబరు కొత్త క్లచ్ మీదే పెయింటు పెన్నుతో రాశాను.

కొత్తదానితో:
- పొద్దున్నే: హోరు, తర్వాత 250 (27 శాతం)
- వేడి మీద ఐడిల్: 785 (86 శాతం)
- వేడి మీద 2,000: 1,850 (79 శాతం)
- 20 నిమిషాలకి కూలెంట్ 91

ఖర్చు: క్లచ్ 4,600, నట్లు, స్ప్రింగ్ వాషర్లు 40.
ఇప్పటిదాకా మొత్తం: ₹8,910

దశ 7: క్లచ్ బాగుంది, ఏసీ ఇంకా బాలేదు

కూలెంట్ నిలకడగా ఉంది. కానీ నిలబడి ఉన్నప్పుడు ఏసీ ఇంకా పూర్తిగా రావడం లేదు. థర్మోకపుల్‌ని ఈసారి కండెన్సర్ ముందు, గ్రిల్ లోపల కట్టాను. బయట 36, అక్కడ 52. గ్రిల్ ముందు అంత వేడి ఎక్కడిది? ఫ్యాన్ వెనక్కి తోసిన వేడి గాలే ష్రౌడ్ లేని కింది సగం నుంచి, రేడియేటర్ పక్క సందుల నుంచి తిరిగి ముందుకి వస్తోంది. ఫ్యాన్ బలం పెరిగే కొద్దీ అదే గాలిని ఇంకా జోరుగా తిప్పుతుంది.

1. ష్రౌడ్ కింది సగం బిగించాను. రెక్క వెడల్పులో సగానికి పైగా, మూడింట రెండు వంతుల లోపు ష్రౌడ్ లోపల ఉండేలా చూసుకున్నాను. రెక్క చివరకీ ష్రౌడ్‌కీ మధ్య చుట్టూ వేలు దూరేంత ఖాళీ.
2. రేడియేటర్ పైన, రెండు పక్కలా ఉన్న సందుల్లో స్పాంజి పట్టీ అంటించాను. ఫ్యాక్టరీలో అక్కడ ఇలాంటి పట్టీలే ఉండేవి, పొడిపొడిగా రాలిపోయాయి.

కండెన్సర్ ముందు గాలి 52 నుంచి 43కి దిగింది. కూలెంట్ 88. ఏసీ వెంట్ దగ్గర ఐడిల్‌లో 19గా ఉన్నది 13కి వచ్చింది. ఏడు వందల రూపాయల పని.

ఈ పని ముందే చేసి ఉంటే క్లచ్ అక్కర్లేకపోయేదా అని మా బామ్మర్ది అడిగాడు. 37 శాతంలో తిరిగే ఫ్యాన్‌కి ఎంత మంచి ష్రౌడ్ పెట్టినా ఘాట్ ఎక్కదు. ట్రాఫిక్‌లో మాత్రం కొంత కాలం నెట్టుకొచ్చేది.

ఖర్చు: ష్రౌడ్ 500, స్పాంజి పట్టీ 160, కేబుల్ టైలు 50.
మొత్తం: ₹9,620

దశ 8: ఘాట్

రోహిణి కార్తెలో, మధ్యాహ్నం పూట, ఏడుగురం, ఏసీ ఆన్. అలిపిరి దగ్గర తనిఖీ వరసలో చాలాసేపు ఐడిల్‌లోనే ఉన్నాం, అదే మంచి పరీక్ష: కూలెంట్ 89. థర్మోకపుల్ వైరు డాష్‌బోర్డు దాకా లాగి ఉంచాను. పాత బళ్ళ ముల్లుని నమ్మడానికి లేదు, చాలావాటిలో అది మధ్యలో ఎక్కువసేపు కదలకుండా నిలబడేలా చేసి ఉంటుంది.

పైకి వెళ్ళే రెండో ఘాట్ రోడ్డులో ఎక్కువ భాగం రెండో గేరు, 2,200 నుంచి 2,600 మధ్య. మలుపులు మొదలైన కొంతసేపటికి ఫ్యాన్ కలిసిన హోరు లోపలికే వినిపించింది, అప్పుడు 93. గరిష్ఠంగా 96 తాకింది, ముందు బస్సు నిలబడిపోయి మేమూ ఆగినప్పుడు. రెండు నిమిషాల్లో 91కి దిగింది. ఏసీ ఒక్కసారి కూడా ఆపలేదు. వెనక సీట్లోంచి మామయ్యగారు, "ఈ శబ్దం ఏంటి, ముందు లేదే?" అన్నారు. 2004లో కొన్నప్పుడు ఉండే ఉంటుంది.

దిగేటప్పుడు మొదటి ఘాట్‌లో ఇంజిన్ మీద భారం లేదు, 84 దగ్గరే ఉంది. హోరు ఆగిపోయింది, అంటే క్లచ్ విడిపోతోంది కూడా.

ఇంకా చెయ్యాల్సినవి: వచ్చే సర్వీసులో క్లచ్ తీసి తూచాలి, 1,872కి ఎంత దగ్గరుందో చూడాలి. పది గ్రాములు తగ్గితే ఆయిల్ పోసే ముందు బేరింగ్ చూస్తాను. మిగిలిన 10,000 రకం ఆయిల్ పావు సీసా ఉంది, ఇదే రకం స్క్రూల క్లచ్ ఉన్నవాళ్ళు పెరంబూరు చుట్టుపక్కల ఉంటే తీసుకెళ్ళొచ్చు, త్రాసు కూడా ఇస్తాను.